ఎడమకు పోయిన సప్పుడు

“లేదన్నా, దీంట్ల చక్రం లేదు. చక్రమే ఉంటే గిట్ల తొక్కంగనే ఠక్కున ఎట్ల తిరుగుతది?”

బాలనర్సయ్య పెడల్ మీంచి కాలు తీసి, గిటార్ తీగల్ని అరచేత్తో నొక్కి సప్పుడు ఆపేశాడు. కౌంటర్ అవతల వెంకటేశ్వరరావు నవ్వాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఆయనది వాయిద్యాల కొట్టు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన మాట మారలేదు.

“చక్రమేంటండి మాస్టారూ? ఇది కరెంటు పెడలండి. లోపల చిప్పులు తప్ప తిరిగేదేమీ ఉండదు.”

“అది నాకెరికే. లేని చక్రం ఉన్నట్టు ఇనబడాలె. గందుకే గద దీన్ని కొనేది!”

పక్కన స్టూలు మీద కూర్చున్న వాసంతికి నవ్వొచ్చింది. ఆమె బాలనర్సయ్యకు అక్క కూతురు, బడిలో లెక్కల టీచరు. ఎల్‌బీ నగర్ నుంచి మామను స్కూటీ మీద ఎక్కించుకొచ్చింది ఆమే. మామ చెప్పింది ఎన్నిసార్లయినా వింటుంది, మొదటిసారి విన్నట్టే “తర్వాత?” అని అడుగుతుంది.

“మీ అమ్మమ్మ రాట్నం యాదికున్నదా బిడ్డా? చెయ్యి తీసేస్తే ఆగుతుండెనా? ఇంకో నాలుగు సుట్లు తిరిగి, ఇగ పోత పోతా అన్నట్టు ఆగుతుండె. ఎందుకు? చక్రానికి బరువుంటది. గా బరువు నా చెవికి తెల్వాలె. గీ పెడల్ ఏంది, సీలింగ్ ఫ్యాన్ బొమ్మ గీసినట్టున్నది.”

వెంకటేశ్వరరావు ఇంకో డబ్బా తీయడానికి లోపలికి వెళ్లాడు. వాసంతి అడగాలా వద్దా అని ఆలోచించి, అడిగేసింది. “మామా, గిప్పుడెందుకు నీకు గీ పెడల్?”

“వాడు లేకుండ గా సప్పుడు తెస్త. గంతే.”

ఆమె ఉలిక్కిపడింది. మూడేళ్లుగా మామ నోట “వాడు” అన్న మాటే రాలేదు.

వాడంటే లింగస్వామి. బాలనర్సయ్య పోచంపల్లి పక్కన మగ్గాల ఊళ్లో పుట్టి, పంతొమ్మిదో ఏట గడ్డిఅన్నారం వచ్చి చీరల దుకాణంలో చేరాడు. నల్గొండ నుంచి వచ్చిన లింగస్వామి పండ్ల మార్కెట్లో కాటా దగ్గర పని చేసేవాడు. ఒకడికి గిటార్ పిచ్చి, ఒకడికి హార్మోనియం పిచ్చి. ఇద్దరూ కలిసి పెళ్లిళ్లకూ వినాయక మండపాలకూ ఆర్కెస్ట్రా పెట్టారు. రికార్డుల్లో సుడులు తిరిగినట్టు వినిపించే ఆర్గాన్ మోత మనకెందుకు రాదని లింగస్వామి పట్టుబట్టాడు. స్పీకరు ముందు బూర తిరిగితే ఆ మోత వస్తుందని ఎవరో చెప్పారు. అంతే, మామిడిపండ్ల డబ్బాల చెక్కతో పెట్టె కొట్టారు. లోపల స్పీకరు, దాని మీద రేకు బూర, బూరను తిప్పడానికి కూలర్ మోటారు, బాలనర్సయ్య తల్లి పాత రాట్నం చక్రం. చక్రం తిరిగితే సప్పుడు మనిషి దగ్గరికొచ్చి, దూరం పోయి, మళ్లీ వచ్చేది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు గిర్రడబ్బ. కీబోర్డయినా గిటారయినా అందులోంచి పోతే నీళ్ల మీద తేలినట్టుండేది.

ముప్పై ఐదేళ్లు స్టేజీ మీద వాళ్ల జాగాలు మారలేదు. మధ్యలో బాలనర్సయ్య, ఆయనకు ఎడమ పక్క లింగస్వామి, వాళ్ల వెనక గిర్రడబ్బ. పాట ఆఖరు చరణం అయిపోతుందనగా లింగస్వామి “అందుకో!” అని పిలుస్తాడు. ఆ పిలుపు మీద గిటార్ లేస్తుంది. కళ్లతో సైగ చేసుకోవడం, చెయ్యి ఊపడం వాళ్లకు నామోషీ. పిలుపే ఆనవాయితీ.

మూడేళ్ల కింద, ఎల్‌బీ నగర్‌లో ఒక రిసెప్షన్‌లో గిటార్ లేవలేదు. పాడుతున్న అమ్మాయి గాల్లో ఉండిపోయింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దిగగానే బాలనర్సయ్య లింగస్వామి మీదికి పోయాడు. “ఎందుకు పిలువలే? నలుగుర్ల నా ఇజ్జత్ తీద్దామనా?” లింగస్వామి బిత్తరపోయి, “మూడుసార్లు పిలిచిన. నా బిడ్డ మీద ఒట్టు” అన్నాడు. వంటవాళ్లతో సహా అందరూ వింటుండగా బాలనర్సయ్య అన్నాడు: “బిడ్డ మీద అబద్ధపు ఒట్టు పెట్టినోని చేతి నీళ్లు ముట్ట.” లింగస్వామి గిర్రడబ్బను ఆటోలోకి ఎక్కించుకొని పోయాడు. పండ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోయాక పెద్ద అంబర్‌పేట్‌కు ఇల్లు మార్చాడని తెలిసింది. ఆ బిడ్డ, యాదలక్ష్మి, పెళ్లికి పిలుపొచ్చినా బాలనర్సయ్య పోలేదు.

“ఇదిగోండి, ఇది చూడండి.” వెంకటేశ్వరరావు రెండో పెడల్ పెట్టాడు. “రెండు మీటలు. ఒకటి మెల్లగా, ఒకటి జోరుగా. జోరు అందుకోడానికి ఎంతసేపు పట్టాలో ఈ బిరడా తిప్పి పెట్టుకోవచ్చు. స్టీరియో అండి, సౌండు కుడినుంచి ఎడమకీ, ఎడమనుంచి కుడికీ తిరుగుద్ది.”

బాలనర్సయ్య ఒక్కసారి తీగ మీటాడో లేదో, గోడ అవతల నుంచి దబదబా బాదారు. పక్కది కోచింగ్ సెంటర్. పరీక్ష నడుస్తోందట. వెంకటేశ్వరరావు దండం పెట్టినట్టు చేతులెత్తి, పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చిచ్చాడు.

బాలనర్సయ్య వాటిని తలకు తొడుక్కొని, ఒక స్వరం పట్టుకొని, మెల్లగా తిరిగే మీట తొక్కాడు. ముఖం విచ్చుకుంది. రెండో మీట తొక్కాడు. “గిదీ! లేస్తున్నది సూడు, మెల్లగ... మెల్లగ... అందుకున్నది! గిది చక్రమంటే!” కళ్లు మూసుకొని పాతికేళ్ల పిలగాడిలా తల ఊపాడు. వాసంతి మామ ముఖం చూస్తూ కూర్చుంది. గిటార్ పట్టుకొని ఆయన అలా నవ్వి మూడేళ్లయింది.

నవ్వు ఆగింది. ఎడమ చెవి మీది దాన్ని వేలితో రెండుసార్లు కొట్టాడు.

“అన్నా, ఎడమ దిక్కు బందున్నది. పోయిన సప్పుడు పోయినట్టే ఉన్నది, కుడి దిక్కు ఒచ్చేదాంక ఇనబడ్తలేదు.”

వెంకటేశ్వరరావు హెడ్‌ఫోన్లు తీసుకొని విన్నాడు. “రెండువైపులా బానే వస్తోందండి.”

“నాకియ్యి మామా.” వాసంతి పెట్టుకుంది. బాలనర్సయ్య తీగ మీటాడు. సప్పుడు కుడి చెవి దగ్గర మొదలై, తల వెనక నుంచి ఎడమకు పోయి, మళ్లీ కుడికొచ్చింది. తల చుట్టూ తూనీగ తిరిగినట్టుంది. “మంచిగనే ఉంది మామా.”

“వైరు లూజుంటది. పోగు ఏ దిక్కు తెగిందో తెల్వాలంటే కొసలు మార్చి సూడాలె.” హెడ్‌ఫోన్లను తిరగేసి, ఎడమది కుడి చెవికీ కుడిది ఎడమ చెవికీ పెట్టుకొని మీటాడు.

ఇంతసేపూ మూగగా ఉన్నది కుడి చెవిలో గలగలా మోగింది. ఇంతసేపూ మోగింది ఎడమ చెవి మీద చచ్చినట్టు పడుంది.

మళ్లీ తిరగేశాడు. మీటాడు. మూడోసారి తిరగేయబోయి, చేతులు సగంలోనే ఆపేశాడు. గోడ అవతల ఎవరో “ఇంకా పది నిమిషాలే టైమ్” అంటున్నారు.

బాలనర్సయ్య హెడ్‌ఫోన్లను మెల్లగా బల్ల మీద పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, నూలు మెత్తదనం చూసినట్టు, కుడి చెవి పక్కన రుద్దాడు. తర్వాత ఎడమ చెవి పక్కన రుద్దాడు. గట్టిగా రుద్దాడు. ఇంకా గట్టిగా.

“వైరు మంచిగనే ఉన్నది” అన్నాడు.

మామ భార్య కొమురమ్మత్త ఏదైనా చెప్పాలంటే మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకు ఎందుకొస్తుందో, మామ ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే ఎందుకు పెట్టుకుంటాడో, స్కూటీ నడుపుతూ తను ఎడమకు తిరిగి అడిగిన దేనికీ ఎందుకు పలకడో, అన్నీ ఒక్కసారే వచ్చి వాసంతి మీద పడ్డాయి. ఏళ్ల తరబడి కళ్ల ముందే ఉంది. ఎవ్వరూ చూడలేదు. లెక్కలు చెప్పే తను కూడా.

వెంకటేశ్వరరావు బాలనర్సయ్యకు ఎడమ వైపుగా వచ్చి, భుజం మీదికి వంగి మెల్లగా అన్నాడు. “కంగారు పడకండి మాస్టారూ. చెవిలో గులిమి అడ్డం పడినా ఒక్కోసారి ఇంతేనండి. డాక్టరుకి చూపిద్దాం.”

బాలనర్సయ్య పలకలేదు. పెడల్ వంకే చూస్తున్నాడు. మాట వినబడలేదని వాసంతికీ ఆయనకూ ఒకేసారి అర్థమైంది.

“బిడ్డా” అన్నాడు బాలనర్సయ్య. “లింగస్వామి నాకు ఏ దిక్కు నిలబడుతుండె?”

ఆమెకు తెలుసు.

“ఎడమ దిక్కు. ముప్పై ఐదేండ్లు ఎడమ దిక్కే. ఎప్పుడు పోయిందో ఏమో గీ చెవి, నాకు చెప్పకుండనే పోయింది. వాడు పిలిచే ఉంటడు. మూడుసార్లు పిలిచే ఉంటడు.” “అబద్ధపు ఒట్టు అంటే ఏంది బిడ్డా? గా పాపం పిల్ల మీద పడాలె అని. అంటే నేనన్న మాట గా పిల్ల మీద పెట్టొచ్చిన. నా ఒళ్లె కూసోని గిటార్ తీగలు పీకిన పిల్ల.”

“మామా, జర కూసో. ముందు దవాఖానకు పోదాం.”

“రేపు పోదాం. చెవి పోనే పోయింది, ఇగ యాడికి పోదు. మీ అత్త పొద్దుగాల ఏం చెప్పింది? యాదలక్ష్మి కాన్పుకు తల్లిగారింటికొచ్చిందట. నెలలు నిండినయట. లింగస్వామి పెండ్లాం గుళ్ల చుట్టు తిరుగుతున్నదట, ఎవలో నోరు పారేసుకున్నరు, పిల్లకు ఏమైతదో అని.” కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “గా నోరు ఎవలిదో మీ అత్తకు ఎరికనే. నాకు చెప్పలే.”

వెంకటేశ్వరరావు పెడల్‌ను డబ్బాలో పెట్టి, ఈసారి కుడి వైపుకొచ్చి చెప్పాడు. “తీసుకెళ్లండి మాస్టారూ. నచ్చితేనే ఉంచుకోండి.”

“నాకు నచ్చుడు కాదన్నా. గీ సప్పుడు సుట్టు తిరుగుతదో సగంల ఆగుతదో నాకేం తెలుస్తది? రెండు చెవులున్నోడు ఇనాలె, లింగస్వామి ఇనాలె.” డబ్బాను వాసంతి చేతిలో పెట్టాడు. “నన్ను మెట్రో కాడ దించి, నువ్వు పెద్ద అంబర్‌పేట్ పో. నేనొస్తే వాడు తలుపు తియ్యడు. తీసి ఎడమ దిక్కు నిలబడి తిట్టినా నాకు ఇనబడదు.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

“ఏం చెప్పాలె మామా?”

“గీ పెడల్ ముందుగాల సంచిలకెళ్లి తియ్యకు బిడ్డా. వాడు ఇంట్ల ఉన్నా వానితోని మొదలువెట్టకు. సక్కగ యాదలక్ష్మి కాడికి పో. మీ నాయిన పెట్టిన ఒట్టు నిజమే, మూడుసార్లు పిలిచిండు, చెవిటోడు బాలనర్సయ్య గీ మాట చెప్పి పంపిండు, అని చెప్పు. వాళ్లమ్మ ఇనేటట్టు గట్టిగ చెప్పు. చెప్పి, ఆ పిల్ల ఇచ్చిన నీళ్లు నా పేరు మీద తాగిరా.”