ఏడో నెల దాటేదాకా

రెండోసారి నెల తప్పానని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మా ఆయన దుకాణం తెరవడం మానేసి నా పక్కన కూర్చున్నారు. అత్తయ్యగారు దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది. వట్టి భయం, ఇంకేమీ లేదు.

మొదటివాడు ఏడో నెలలోనే పుట్టేశాడు. ఏడుపు కూడా సరిగా వినబడలేదు. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు కానీ దక్కలేదు. రామచంద్రపురంలో మా వీధి వీధంతా పరామర్శకి వచ్చి, కాఫీలు తాగి, కారణం కూడా తేల్చేసి వెళ్ళింది. నేను చిమ్మిలి తిన్నానట. నువ్వులు వేడి, కడుపెలా నిలుస్తుందన్నారు. తిన్నమాట నిజమే. నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ఆ ఉండలంటే నాకు ప్రాణం. వేవిళ్ళు తగ్గాక అదొక్కటే తినాలనిపిస్తే అత్తయ్యగారే దంచిపెట్టారు. మా వైపు నువ్వులు చేతికివ్వరు, కింద పెడితే తీసుకోవాలి. ఆ రోజు ముద్దుకొద్దీ ఆ పట్టింపు మరిచిపోయి, ఉండ నా చేతిలోనే పెట్టారు. అయినా వచ్చినవాళ్ళందరూ నన్నే అంటుంటే ఆవిడ గోడవైపు చూస్తూ ఊరుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత మా వంటింట్లోకి నువ్వుగింజ రాలేదు. అది నన్ను దెప్పడానికేనని అనుకున్నాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. ఈసారి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మగారికి చూపించారు. ఆవిడ మొదట తిండి గురించే అడిగారు. గుడ్డు, చేప అనేసరికి అత్తయ్యగారు చెవులు మూసుకున్నంత పని చేశారు. తర్వాత నా రక్తం తీసి హైదరాబాద్ పంపించారు. ఫలితం వచ్చాక నన్నూ అత్తయ్యగారినీ కూర్చోబెట్టి చెప్పారు.

"నీ ఒంట్లో సెలీనియం తక్కువగా ఉందమ్మా. అదొక ఖనిజం. మట్టిలోంచి పంటలోకి, పంటలోంచి మనకీ వస్తుంది. ఒంటికి కావలసింది పిసరంతే. అది తక్కువైనవాళ్ళలో కొందరికి నెలలు నిండకుండా కాన్పవుతోందని కొన్నిచోట్ల గమనించారు. నీకూ అదే కారణమని మాత్రం నేను చెప్పలేను."

ఆ చివరి మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది. కారణం అదే అయితే సరిచేసుకోవచ్చు. కాకపోతే? కంటికి కనబడని పిసరు కోసం నా బిడ్డ కడుపులో నిలుస్తాడో లేదో తెలియక నెలల తరబడి ఎదురుచూడాలా? మాత్రలు రాసిచ్చి, రోజుకి ఒకటే వేసుకోవాలి, ఎక్కువైనా చేటే అన్నారు. తక్కువైతే ఒక భయం, ఎక్కువైతే ఇంకో భయం.

"గుడ్డు ఎలాగూ తినరు కాబట్టి పప్పులు, వేరుశెనగలు, నువ్వులు తిననివ్వండి," అన్నారు.

"నువ్వులా అండీ? వేడి కదండీ?" అత్తయ్యగారు కుర్చీలోంచి ముందుకి వంగారు.

"రోజూ కాస్త తింటే ఏం కాదండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆవిడ నా పొట్టకి చెయ్యి అడ్డం పెట్టారు. మర్నాడు పొద్దున్నే రోకలి చప్పుడు వినబడింది. చిన్న పళ్ళెంలో ఒక ఉండ పెట్టి, పళ్ళెం నేలమీద పెట్టి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. ఆ తీరు నాకు నచ్చలేదు. కళ్ళు మూసుకుని తిన్నాను. ఎంతో ఇష్టమైన తిండి మందులా మింగాను.

ఏడో నెల వచ్చింది. బిడ్డ తన్నితే బయటికి వచ్చేస్తున్నాడేమోనని భయం, తన్నకపోతే ఇక లేడేమోనని భయం. ఒక మధ్యాహ్నం పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. కేక పెట్టాను. అత్తయ్యగారు పరుగున వచ్చి నన్ను ఎడమవైపుకి తిప్పి పడుకోబెట్టారు. పళ్ళెంలో మిగిలిన సగం ఉండ చూసి, తీసుకెళ్ళి పెరట్లోకి విసిరేశారు. మా ఆయన కారు మాట్లాడుకొచ్చేలోపే బిగుతు సడలింది. అయినా రాజమండ్రి వెళ్ళి చూపించుకున్నాం. ఇలాంటివి వచ్చిపోతుంటాయి, కంగారేం లేదన్నారు. మర్నాడు మళ్ళీ రోకలి చప్పుడు. పళ్ళెం పెట్టిన ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంత భయపడుతూ ఎందుకు చేస్తున్నారా అనుకున్నాను.

ఎనిమిదో నెల గడిచింది. తొమ్మిదో నెలా నిండింది. అప్పుడు నొప్పులు వచ్చి అమ్మాయి పుట్టింది. గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది. నర్సు బిడ్డని తెచ్చి అత్తయ్యగారి చేతుల్లో పెట్టబోతే ఆవిడ చేతులు చాచలేదు. తలుపు దగ్గర డాక్టరమ్మగారికి అడ్డంగా నిలబడ్డారు.

"అయితే డాక్టరమ్మగారూ, అప్పుడు నేను చేతిలో పెట్టిన చిమ్మిలి వల్ల కాదంటారా?"

డాక్టరమ్మగారికి ఏమీ అర్థం కాక నావైపు చూశారు. నాకు అర్థమైంది. ఆవిడ గోడవైపు చూసిన చూపు, ఇంట్లోకి రానివ్వని నువ్వులు, వెనక్కి తీసుకున్న చెయ్యి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్నాళ్ళూ ఆవిడ తప్పుపట్టింది నన్ను కాదు.

"కాదు అత్తయ్యగారూ," అని మంచం మీంచి నేనే చెప్పాను. "ముందు పిల్లని ఎత్తుకోండి."