మా పంచకు లోతునీళ్ల రంగు

అరవై ఒకటి వేసవి డైరీలో దాదాపు మూడు వారాలపాటు గోడ గురించి తప్ప నేను ఇంకేమీ రాయలేదు. ఏ పూట ఏ పాళ్లలో ఏం కలిపాను, తడి మీద ఏ రంగు, ఆరాక ఏ రంగు, ఎండలో ఎట్లా ఉంది, మబ్బు పట్టినప్పుడు ఎట్లా ఉంది. ఆ పేజీలు ఇప్పుడు తీసినా కుదురుగా కూర్చోలేను. రెండు చదివి లేస్తాను, గుమ్మం దాకా నడిచి మళ్లీ వచ్చి కూర్చుంటాను. ఆ మూడు వారాలూ చేసింది కూడా అదే.

అప్పుడు మేమిద్దరం చిల్లకూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు ఊళ్లో ఒకే బడిలో పంతుళ్లం. పెళ్లయి రెండేళ్లు. మేము అద్దెకున్న పెంకుటింటికి ముందు వెడల్పాటి పంచ ఉండేది. మూడు పక్కలా తెరుపు, వెనక ఒక్క గోడ. పంచ దిగితే ఇసుక, ఇసుక దాటితే సరుగుడు తోట, ఆ తర్వాత మళ్లీ ఇసుక, ఆపైన సముద్రం. గోడకు తెల్ల సున్నం. పొద్దున తొమ్మిదికల్లా ఆ తెలుపంతా కలిసి కళ్లలో పొడిచేది. నేను ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు తెలిసేది కాదు. నా భార్యది నాయుడుపేట. ఇరుకు వీధి, ఎదురింటి నీడ, ఆ నీడలో పెరిగిన కళ్లు. ఇంటి లోపల ఉక్క కాబట్టి బడి నుంచి రాగానే పంచలోనే చాప వేసుకుని, తడిగుడ్డ కళ్ల మీద కప్పుకుని పడుకునేది. సాయంత్రం దాకా తలనొప్పి.

"కన్ను ఆనించుకునేదానికి ఒక్క చోటు లేదండీ ఈ ఊళ్లో," అనేది. "యాడ చూసినా తెలుపే."

ఆమెకు తలనొప్పి రాని పగలు ఒక్కటే నాకు గుర్తు. సముద్రంలో కలిసే కాలవకు అవతలి ఊళ్లో ప్రార్థన కూడిక ఉంటే పడవలో పోయాం. వచ్చేటప్పుడు గాలి తిరిగి, పడవవాళ్లు అలలు విరిగే చోటు దాటించి సముద్రం లోపలి నుంచి చుట్టి తీసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం. మిగిలిన ఆడవాళ్లు భయపడి చెక్కలు పట్టుకుని ఉంటే, ఈమె మాత్రం పడవ అంచు మీద గడ్డం పెట్టుకుని నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. నలుపు కలిసిన నీలం. ఎండ దిగినచోట లోపలెక్కడో ఆకుపచ్చ. ఒడ్డు దగ్గరికి వచ్చి నీళ్లు పలచబడగానే తల తిప్పేసుకుని, "అక్కడున్నంతసేపూ నెప్పి లేదు," అంది. ఆ మాట డైరీలో ఉంది.

ఆ వేసవి సెలవులకు ముందు నాయుడుపేట ఆడపిల్లల బడి నుంచి ఆమెకు కబురొచ్చింది. ఒక ఉద్యోగం ఖాళీ ఉంది, వస్తానంటే పదిహేనో తేదీ లోపల సంతకం చేసి ఇవ్వాలి. ఆమె ఆ కాగితం నా ముందు పెట్టి, "మీరేమంటారు?" అని అడిగింది.

"ఆలోచించి చెబుతా."

"నోటితో చెప్పలేకపోతే ఉత్తరం రాయండి. ఉండమంటే ఉంటా. పొమ్మంటే పోతా. ఏదో ఒకటి అనండి."

సెలవులివ్వగానే పుట్టింటికి వెళ్లింది. పెట్టె ఇక్కడే వదిలిపెట్టింది. వెనక్కు వచ్చేది ఉండడానికా, పెట్టె తీసుకుపోవడానికా అన్నది నా ఉత్తరం మీద ఉంది.

నేను ఉండమనాలనే అనుకున్నాను. కానీ రోజూ తడిగుడ్డ కప్పుకునే మనిషిని అదే తెల్లగోడ కింద ఉండమని ఏ ముఖం పెట్టుకుని రాయను? ముందు గోడ సంగతి చూసి, ఆ తర్వాత రాద్దామనుకున్నాను. ఆ పంచలో పడుకున్న మనిషికి ఆ రోజు పడవలో నుంచి చూసిన నీళ్లే కనిపించాలి. "రంగు తేలాక ఉత్తరం" అని ఆ రోజు పేజీ అడుగున రాసి, కింద గీత గీశాను.

గూడూరు పోయి బజారులో దొరికిన వాటిలో అన్నిటికన్నా ముదురు నీలం పొడి కొన్నాను. దాన్ని సున్నంలో కలిపి గోడ మూలన జానెడు మేర పూశాను. తడి మీద అచ్చం ఆ నీళ్లే. పరుగులాంటి నడకతో పంచ చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మర్నాటికి నీలం విరిగిపోయి తుప్పు మరక మిగిలింది. సున్నం ఘాటుకు ఆ రకం నీలం నిలవదని నాకప్పుడు తెలియదు. పాళ్లు తప్పాయనుకుని మూడు రోజులు మూడు పాళ్లలో పూసి, మూడుసార్లూ తుప్పే పండించాను.

తర్వాత బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చాను. అది సున్నంలో నిలిచింది. కానీ పూసినప్పుడు ముదురుగా ఉన్నది ఆరేసరికి పాలలో కలిపినట్టు వెలిసిపోయేది. రెట్టింపు వేసినా అంతే. ప్రతి మచ్చకూ పక్కన బొగ్గుతో అంకె వేశాను. పదో తేదీకి గోడ మీద పదకొండు మచ్చలు.

చేపలమ్మే ఎదురింటి అక్క గంప దించి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏంది అయ్యోరా, గోడకు తామరొచ్చినట్టుండాదే! అంకెలు గూడా యేసినావు. గోడకు లెక్కలు నేర్పిస్తుండావా?"

"రంగు కుదరలేదక్కా."

"టీచరమ్మ వచ్చి చూస్తే ఇంట్లోకి గూడా రాదు. వొచ్చిన బండ్లోనే మళ్లుకుంటాది."

నవ్వుతూనే అన్నది గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. అన్నం ముందు నుంచి లేచి రెండుసార్లు గోడ దగ్గరికి వెళ్లొచ్చాను.

ఆ అక్క మొగుడు సముద్రానికి పోవడం మానుకున్న పెద్దాయన. నీడ కోసం మా పంచలోనే కూర్చుని వలలు బాగుచేసేవాడు. రెండు వారాలుగా నా అవస్థ చూస్తూ ఒక్క మాట కూడా అనని మనిషి ఆ రోజు వల పక్కన పెట్టాడు.

"ఏ నీళ్లు కావాల నీకు?"

చెప్పాను. పడవ పోయిన దారీ, వేళా కూడా చెప్పాను.

"ఆడనా? ఆడ లోతు. నువ్వు పూసేదేమో ఒడ్డు నీళ్లు. కింద ఇసక తెల్లగా ఉంటే పైన నీళ్లు ఇట్టనే ఉంటాయి, నువ్వు గంపెడు నీలం పోసినా సరే. లోతులో కింద ఏముంటాది? చీకటి. కింద నలుపు పెట్టకుండా పైన ఆ నీలం ఎట్టొస్తాది అయ్యోరా?"

"ఈ మాట మొదటి రోజే చెప్పుండొచ్చు కదన్నా?"

"నువ్వు అడిగితే గదా!"

ఆ మధ్యాహ్నమే సున్నమంతా గీకడం మొదలుపెట్టాను. గీకడానికి రెండు రోజులు పట్టింది. చింతగింజలు నానబోసి, రుబ్బి, ఉడకబెట్టి జిగురు తీశాను. అందులో మెత్తటి బొగ్గుపొడి కలిపి గోడంతా నల్లగా పూశాను. అది చూసి అక్క, "వంటిల్లు బయటికొచ్చిందే," అంది. అది ఆరితే గానీ నీలం వేయకూడదు. తూర్పుగాలి తేమకు అది ఆరదు. గంటకొకసారి వేలితో తాకి చూడటం, వేలు నల్లబడటం, కడుక్కోవడం. పద్నాలుగో తేదీ డైరీలో "ఇంకా తడి" అని మూడుచోట్ల ఉంది. పదిహేనో తేదీ పేజీలో ఒక పూత నీలం, రెండో పూత నీలం అని ఉంది. ఆ రోజుతో గడువు అయిపోతుందన్న సంగతి మాత్రం ఎక్కడా లేదు. పేజీ నెత్తిన తేదీ నా చేత్తోనే వేసి ఉంది.

మర్నాడు చూరు కింద మూరెడు మేర నీలంలో కాస్త పచ్చ కలిపి పూశాను. అక్క పేడలో బొగ్గు కలిపి నేలంతా నల్లగా అలికింది. పెద్దాయన ఒక పాత తెరచాప ఇస్తే ఇసుక వైపు కట్టి తెల్లటి ఎండను ఆపాను. పని అయ్యాక చాప వేసుకుని ఆమె పడుకునేచోట పడుకున్నాను. తడిగుడ్డ కళ్ల మీద కప్పుకుని నూరు లెక్కపెట్టి తీశాను. పక్కన ఎవరూ లేకపోయినా, "ఇదే," అని పైకే అన్నాను.

అప్పుడు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. చొక్కా జేబులో పెట్టుకున్నాను, మర్నాడు ఉదయం పోస్టులో వేద్దామని.

మర్నాడు ఉదయం బయలుదేరబోతుంటే సరుగుడు తోట దగ్గర బండి కనిపించింది. ముందు ఆమె అన్న దిగాడు, వెనక ఆమె. ఆయన నాతో, "పెట్టె తీసుకుపోదామని వచ్చినాం బావా," అన్నాడు, చూపు నేలమీద పెట్టి.

ఆమె పంచ మెట్టు దగ్గర ఆగింది. గోడ చూసింది, నేల చూసింది, తెరచాప చూసింది. చెప్పులు విడిచి వచ్చి గోడకు ఎదురుగా కూర్చుంది. ఆయన పెట్టె బయటికి తెస్తున్నా లేవలేదు.

"ఆ రోజు పడవలో చూసిందే కదా?"

"అదే."

నేను స్తంభం దగ్గర నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడ్డాను.

"పదిహేను పొద్దున పోస్టాయన వీధి దాటి పోయిందాక గడపలో నిలబడినా," అంది చివరికి. "అప్పుడు పొయ్యి సంతకం పెట్టినా. ఇంత పని చేసినారే, ఒక్క కార్డు ముక్క రాయలేకపోయినారా?"

జేబులోని ఉత్తరం ఇచ్చాను. చదివింది. మూడో పేజీ దాకా వచ్చి తలెత్తి, "ఇదేంది, ఊరగాయ పెట్టే విధానం రాసినట్టు?" అంది. నాలుగో పేజీ చివర ఉన్న ఒక్క వాక్యం దగ్గర ఆగింది. కాగితాలు నాలుగూ మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

"ఈ ఒక్క మాటా ముందొచ్చి ఉంటే తెల్లగోడతోనే ఉండేదాన్ని."

బండి ఎక్కేటప్పుడు ఎదురింటి అక్క పరిగెత్తినట్టు వచ్చింది. "టీచరమ్మా, నువ్వు పోతే ఈ గోడను ఏం చేసుకుంటాడు ఈయన?"

"శనివారం శనివారం వస్తాలే అక్కా. ఈయన కోసమనుకునేవు, గోడ కోసం."

చెప్పిన మాట ప్రకారమే వచ్చింది. బస్సు దిగి, బండెక్కి, చీకటి పడకముందే చేరేది. ఆదివారం ప్రార్థన అయ్యాక పంచలో పడుకునేది. తడిగుడ్డ అవసరం పడలేదు. సోమవారం తెల్లవారి పోయేది. వారంలో మిగిలిన రోజులు ఆ నీలానికి ఎదురుగా కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. బడి అయ్యాక ఒడ్డు వెంట నడిచి, ఎక్కడో ఒకచోట వెనక్కి తిరిగి వచ్చేవాణ్ణి. వానలకు కింది భాగం పొక్కులు లేస్తే మళ్లీ పూసేవాణ్ణి. ఎప్పుడూ శుక్రవారమే.

మరుసటి ఏడు నాయుడుపేటలో మగ పంతులు ఖాళీ ఉందని తెలిసిన రోజు శుక్రవారమే. అప్పుడే జిగురు దించి, నీలిమందు కలిపి, కుంచె ముంచాను. కబురు తెచ్చిన మనిషి ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. కుంచె కుండలోనే వదిలి లోపలికి పోయి కార్డు తీశాను. "నేనే వస్తున్నాను" అని రాశాను. ఇంకా చాలా చోటు మిగిలింది. ఏమీ నింపలేదు. చిల్లకూరు పోయి నా చేత్తో పోస్టు డబ్బాలో వేసి, పడిందా లేదా అని లోపలికి తొంగి చూసి వచ్చాను.

తిరిగి వచ్చేసరికి కుండలో జిగురు గడ్డకట్టి, కుంచె నిలువుగా నిలబడి ఉంది. లాగితే కుండ కూడా లేచింది. ఆ పూత వేయలేదు.