రెండు గడుల మధ్య గీత

మొన్న మధ్యాహ్నం వాన పడుతుంటే కిటికీ దగ్గర కూర్చొని చదువుకుంటున్నాను. తడిసిన గోనె వాసన వచ్చింది. ఇప్పుడు సరుకంతా ప్లాస్టిక్ సంచుల్లోనే వస్తున్నది కనుక ఆ వాసన తగిలి చాలా కాలమైంది. ఎదురుగా పప్పుల దుకాణం ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. దింపడానికి వచ్చిన హమాలీ ఒక్కడే ఉన్నాడు. తల మీద పాత గోనెసంచి వేసుకున్నాడు. సంచి అడుగు మూలల్లో ఒకదాన్ని రెండో దానిలోకి దోపి నెత్తిన పెట్టుకుంటే తలకు టోపీలా, వీపుకు గుడ్డలా ఉంటుంది. మా వైపు దాన్ని కొప్పెర అంటారు. ఆ కొప్పెరను సినిమా తెర మీద చూడాలని ఒకప్పుడు ఇద్దరం కోరుకున్నాం. ఒకణ్ణి నేను. రెండోవాడు సామ్యేలయ్య. అతను పోయి చాలా ఏళ్లయింది.

సామ్యేలయ్యకు ధాన్యం బజారు గాంధీ గంజ్ మూల మీద ఫోటో స్టూడియో ఉండేది. వాళ్లది ఔరాద్ వైపు తెలుగు క్రైస్తవ కుటుంబం. నేను ధన్నూర నుంచి వచ్చి బీదర్‌లో బడిపంతులుగా చేరి, ఆ స్టూడియో మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. బడిలో కన్నడ చెప్పేవాణ్ణి, గదికి వచ్చి తెలుగు చదువుకునేవాణ్ణి. గిరాకీ లేనప్పుడు అతను అట్టముక్కల మీద బొమ్మలు గీసేవాడు. గంజ్‌లోని హమాలీలను ఎక్కువగా గీసేవాడు. అలా ఒక బొమ్మల కథ పుట్టింది. అందులో హమాలీ ఒకడు కొప్పెర నెత్తిన వేసుకోగానే వాడికి నూరు మంది బలం వస్తుంది. వాడు లారీలు లేపుతాడు, కూలుతున్న గోడను వీపుతో ఆపుతాడు. పేరు కొప్పెర వీరుడు. హైదరాబాదులోని ఒక పిల్లల మాసపత్రిక దాన్ని నెలకు రెండు పేజీలు వేసేది. బొమ్మలు అతనివి, మాటలు నావి.

నా మాటల్లో సగం అతను కొట్టేసేవాడు. "బొమ్మల కనవడ్డదే మళ్ల రాస్తివి. చదివెటోడు గుడ్డోడనుకున్నవా పంతులూ?" అనేవాడు. కోపం వచ్చేది. ఆ తర్వాత ఎన్నో రాశాను, దిద్దాను. రాయడం గురించి నాకు ఎవరైనా నేర్పింది అదొక్కటే.

ఆఫీసు బోర్డుల మీద మైసూరు అన్న మాట చెరిపి కర్ణాటక అని రాస్తున్న రోజుల్లో హైదరాబాదు నుంచి ఒక నిర్మాత వచ్చాడు. కథ ఆయన పిల్లలకు నచ్చిందట. సినిమా తీస్తానన్నాడు. అయితే కొప్పెర వద్దు, మెరిసే దుస్తులు, బూట్లు కావాలన్నాడు.

"గోనెపట్టా చూడ్డానికి జనం టికెట్టు కొంటారా, మీరే చెప్పండి" అన్నాడు.

"ఒక్క దినం ఇయ్యి సారూ. తీసి చూపిస్తం. బాగ లేకుంటే నీ ఇష్టమున్న బట్టలు తొడిగియ్యి" అన్నాడు సామ్యేలయ్య.

ఆయన ఒప్పుకున్నాడు. నాకు ఆ వారమంతా నిద్ర పట్టలేదు. సినిమా అయితే బడి మానేసి హైదరాబాదు వెళ్లిపోవచ్చని లెక్క వేసుకున్నాను. సామ్యేలయ్యకు ఆ లెక్కలు లేవు. తన మనిషి తన వేషంలోనే తెర మీద నడవాలి, అంతే.

అమావాస్యకు గంజ్ బంద్ ఉంటుంది. ఆ రోజు పొద్దున నిర్మాత చిన్న కెమెరా, ఒకే ఒక్క రీలు, కుస్తీ పట్టే కుర్రవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. కుర్రవాడికి కొప్పెర వేసి, పొట్టు నింపిన బస్తా ఇచ్చాం. వాడు దాన్ని దిండు ఎత్తినట్టు ఎత్తాడు. మళ్లీ ఎత్తించాం. అలాగే ఎత్తాడు. సగం రీలు అయిపోయింది. అరుగు మీద కూర్చున్న హమాలీలు నవ్వుతున్నారు.

"అండ్ల పొట్టున్నదని కోడిపిల్లగ్గూడ తెలుస్తాంది" అన్నాడు భీమన్న. కుర్రవాడికి వేసిన కొప్పెర అతనిదే. గంజ్‌లో అందరికంటే గట్టి మనిషి.

సామ్యేలయ్య అతన్నే కొప్పెర వేసుకొని రమ్మన్నాడు. నిజమైన కంది బస్తా తెప్పించాడు. "దీన్ని ఎత్తుకొని లారీ దాక పోవాలె. కెమెరా దిక్కు చూడకు."

"గంతేనా? రోజూ చేసేదే గదనే" అన్నాడు భీమన్న.

కెమెరా తిరగడం మొదలైంది. భీమన్న బస్తా దగ్గరికి వెళ్లాడు. దానికి వీపు పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగాడు. వంగి అలాగే ఉండిపోయాడు. "ఎత్తవయ్యా, రీలు పోతోంది" అని నిర్మాత కేకేశాడు. భీమన్న కదల్లేదు. అప్పుడు అరుగు మీది ఇద్దరు హమాలీలు లేచారు. తొందర లేకుండా నడిచి వచ్చి, బస్తాను చెరో పక్కన పట్టి లేపి అతని వీపు మీద పెట్టారు. అతను లారీ దాకా నడిచి వెళ్లాడు. రీలు అయిపోయింది.

"నూరు మంది బలమున్నవాడికి ఇద్దరు సాయమా?" అన్నాడు నిర్మాత.

భీమన్నకు అర్థం కాలేదు. "మరి బస్తా వీపు మీదికెట్ల వస్తది సారూ? దానికేమన్న కాళ్లున్నయా?"

సాయంత్రం స్టూడియోలో కూర్చున్నాం. ఆ ఇద్దరినీ రావద్దని ముందే చెప్పి ఉండాల్సిందన్నాను. సామ్యేలయ్య మా పాత సంచికలు ముందేసుకొని బొమ్మల గడులు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"పంతులూ, ఇన్ని నెలలు గీసినం గదా, బస్తా వాని వీపు మీదికి ఎట్లొచ్చిందో ఒక్కసారన్న గీసినమా? ఈ డబ్బాల నేల మీదుంటది. పక్క డబ్బాల వీపు మీదుంటది. నడుమ గీత. ఆ గీతల ఇద్దరు మనుషులున్నరు. మనమే చూడలే."

ఫిలిం కడిగించుకొని నిర్మాత మళ్లీ వచ్చాడు. స్టూడియో గోడ మీద వేసి చూశాం. వంగిన భీమన్న, పక్కన ఖాళీ జాగా, చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఆ ఇద్దరు వస్తారు. అంతే. కానీ బరువు కనబడింది. నిర్మాత కూడా కాదనలేదు. కొప్పెర బాగానే ఉంది, ఉంచుదామన్నాడు. "ఆ ఇద్దర్నీ మాత్రం కోసేద్దాం. వంగిన ముక్కకు నడిచే ముక్క అతికిస్తే సరిపోతుంది. వీరుడంటే ఒక్కడే ఎత్తాలి కదండీ."

సామ్యేలయ్య నా వైపు చూశాడు. "నీది సగం. నువ్వు చెప్పు."

నాకు హైదరాబాదు కావాలి. అయినా అప్పుడే ఆ గోడ మీద చూసినదాన్ని చూడలేదని అనలేకపోయాను. "నీ ఇష్టమే అన్నా" అన్నాను.

"కోస్తే మళ్ల గీతనే అయితది సారూ" అన్నాడతను. నిర్మాత టీ తాగి వెళ్లిపోయాడు.

ఆయన తర్వాత వేరే వీరుడితో సినిమా తీశాడు. ఆకుపచ్చ సాటిన్ బట్టల్లో గాలిలో ఎగిరే మనిషి. బీదర్‌కు వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లి చూశాం. బయటికి వస్తూ సామ్యేలయ్య, "మంచిగనే ఎగిరిండు. తాళ్లు గుంజినోళ్లు ఎందరో పాపం" అన్నాడు. వెక్కిరింతగా అనలేదు.

మా బొమ్మల కథలోకి ఆ ఇద్దరినీ తెచ్చాం. పిల్లలకు నచ్చలేదు. ఇదేం వీరుడని ఉత్తరాలు వచ్చాయట. కొద్ది నెలలకే పత్రిక ఆపేసింది. ఓడిపోయాం. అందులో గొప్పతనం వెతకాలని నాకు లేదు. నేను బడిలోనే ఉండిపోయాను. అతను గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తూ, తర్వాత తర్వాత దగ్గుతూ, ఆ మూల మీదే ఉండిపోయాడు. మళ్లీ వీరుణ్ణి గీయలేదు. అడిగితే, "గీసుడు అయిపోయింది పంతులూ. ఇగ చూసుడే" అనేవాడు.

అతను పోయిన రోజు సమాధుల తోట గేటు బయట నిలబడ్డాను. వాళ్ల ప్రార్థనలు నాకు తెలియవు, లోపల నా అవసరం ఏముందనుకున్నాను. పెట్టె బండి మీద నుంచి దింపాలి. భీమన్న కర్ర పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి ముసలివాడయ్యాడు.

"ఏం చూస్తున్నవ్ పంతులూ? నా నడుము పోయింది. నా బదులు నువ్ పో, చెయ్యెయ్యి."

వెళ్లి పట్టాను. అంతకుముందు నేను బరువులు మోసినవాణ్ణి కాను. పెట్టె తేలికగా ఉంది. అందరం కలిసి పట్టినందుకో, అతను చిక్కిపోయినందుకో తెలియలేదు.

మొన్న వానలో ట్రాలీ మీది నుంచి ఒక బస్తా జారి బురదలో పడింది. హమాలీ దానికి వీపు పెట్టి వంగాడు. దుకాణదారు లోపల ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నా వయసులో చేసే పని కాదు. అయినా చెప్పులు వేసుకొని వెళ్లి ఒక పక్క పట్టుకున్నాను. రెండో పక్కకు ఎవరూ లేరు. "జర ఆగు బిడ్డా, వస్తరు" అన్నాను. అతను అలాగే వంగి ఉన్నాడు. వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.