పిలుపు పేరు గడి

మా ఆఫీసులో నిన్న పదకొండు గంటలకు ఎవరో బత్తాయి ఒలిచారు. ఏసీ గది కాబట్టి ఆ తొక్క వాసన ఎక్కడికీ పోకుండా అరగంట పాటు అక్కడే తిరిగింది. నేను కీబోర్డు మీద చేతులు ఆపేసి కూర్చున్నాను. విజయవాడ బెంజ్ సర్కిల్ పక్క సందులో రెండో అంతస్తు గది, కింద నుంచి సిటీ బస్సుల హారన్లు, టేబుల్ అవతల కూర్చుని తొక్క తెగకుండా బత్తాయి ఒలుస్తున్న రత్నకుమారి గారు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆవిడ దగ్గర నేను పని చేసింది రెండేళ్ళే. ఆ తరవాత ముగ్గురు మేనేజర్ల కింద పని చేశాను. పని నేర్పింది ఎవరని అడిగితే మాత్రం ఆవిడ పేరే చెబుతాను.

రత్నకుమారి గారు పాతికేళ్ళు వన్‌టౌన్‌లో ఒక లారీ పార్సెల్ ఆఫీసులో బుకింగ్ గుమాస్తాగా చేశారు. తరవాత కాశీకి, షిరిడీకి బస్సులు నడిపారు. చివరికి విదేశీ యాత్రలు ఏర్పాటు చేసే చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి, ఏడాది పాటు ఇంటర్వ్యూలకు తిరిగి, మరే దారీ కనిపించక నేను అక్కడ చేరాను. ఆవిడ ప్రయాణికుల వివరాలన్నీ పొడుగాటి నోటుపుస్తకంలో రాసేవారు. మనిషికి ఒక వరస. పాస్‌పోర్టులో పేరు, పుట్టిన తేదీ, తిండి, మందులు, చివర్న పిలుపు పేరు. చేరిన వారంలోనే నేను అదంతా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని తెర మీదకు వంగి చూశారు.

“పిలుపు పేరు గడి ఏదీ?”

“అది వీసా ఫారంలో అడగరు కదా మేడమ్. అనవసరం.”

“పాస్‌పోర్టులో పేరు పెట్టి ఎవరూ ఎవర్నీ అన్నానికి పిలవరు శ్రీధర్. పెట్టు.”

“అలాగే మేడమ్” అన్నాను. గడి పెట్టాను, నింపలేదు.

ఆ వేసవిలో గిలకలదిండి నుంచి లంకె వారి కుటుంబం వచ్చింది. బందరు పక్కనే సముద్రపు ఊరు. పెద్దావిడ మహాలక్ష్మి గారు ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని బందరు బజారుకు నడిచి వెళ్ళిన మనిషి. ఇప్పుడు ముగ్గురు కొడుకులూ ఐసు పెట్టెల్లో చేపలు సర్ది వ్యాన్లలో విజయవాడకు పంపే వ్యాపారంలో ఉన్నారు. మద్రాసు దాటి ఎవరూ వెళ్ళలేదు. పెద్ద కొడుకు సుబ్బారావు గారి కూతురు స్వీటీకి తొమ్మిదేళ్ళు. సింగపూర్‌లోని పెద్ద థీమ్ పార్కు వీడియో ఒకటి చూసి, ఆ మెలికలు తిరిగే రైలు ఎక్కాలని ఆ పిల్ల పట్టు పట్టింది. అక్కడ మొదలైన మాట మొత్తం కుటుంబం ప్రయాణం అయింది.

“మా అమ్మ సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిందండీ. అవతల ఏముందో చూళ్ళేదు” అన్నారు సుబ్బారావు గారు. “ఎళ్తే అందరం ఎళ్ళాలి. ఒకళ్ళని వదిలి ఎళ్ళే పనైతే వద్దు.”

“మొత్తం ఎంతమందండీ?”

“అమ్మ ముందు ఆ మాట అడక్కండి. మనుషుల్ని లెక్కపెడితే దిష్టంటది. ఓ పాతిక లోపు రాసుకోండి.”

పాతిక లోపు అన్నది నాకు సంఖ్యలాగే అనిపించలేదు. అయినా నవ్వి ఊరుకున్నాను. పాస్‌పోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో రావడం మొదలైంది. ఒకటే పాస్‌పోర్టును తండ్రి ఒకసారి, పిన్ని ఒకసారి, బాబాయి ఒకసారి పంపేవారు. ఒక బావమరిది రెండుసార్లు చేరి రెండుసార్లు మానుకున్నాడు. నేను మాత్రం జాబితాల మీద జాబితాలు తయారు చేశాను. చెప్పుల సైజులు, బీపీ మాత్రల వేళలు, చేప తప్ప వేరే మాంసం ముట్టని వాళ్ళు, పార్కులో ఎవరు ఏది ఎక్కవచ్చో తేల్చే ఎత్తుల పట్టిక. ఆ రైలు ఎక్కాలంటే నూట పాతిక సెంటీమీటర్లు ఉండాలి. స్వీటీ నాకు గొంతు సందేశం పంపింది: “అన్నయ్యా, నేను నూట ఇరవై నాలుగు. చెప్పులేసుకుంటే నూట ఇరవై ఆరు. అక్కడ చెప్పుల్తో కొలుస్తారా, లేకుండానా?” కనుక్కుని చెబుతానన్నాను. ఎత్తుల పట్టికలో ‘స్వీటీ, 124’ అని రాసుకున్నాను.

పాస్‌పోర్టుల జాబితాలో ముప్ఫై దాటి వరసలు తేలాయి. కొన్ని పునరావృతాలని నాకు తెలుసు. పేర్ల గడి ఎంచుకుని, ఒకే పేరు రెండుసార్లు ఉంటే ఒకటి తీసెయ్యమని ఒక్క మీట నొక్కాను. ఇరవై రెండు మిగిలాయి. శుభ్రంగా ఉంది. ఫోన్ చేసి సుబ్బారావు గారికి చదివి వినిపించాను కూడా.

“లంకె మహాలక్ష్మి?”

“ఆఁ, మా అమ్మండీ. ఉందిగా.”

“ఉన్నారండీ” అన్నాను.

రత్నకుమారి గారికి ఒక పద్ధతి ఉండేది. ప్రయాణానికి ముందు వారంలో కుటుంబమంతా, చంటిపిల్లలతో సహా, ఆఫీసుకు రావాలి. ఆవిడ ఒక్కొక్కరినీ పిలిచి, పాస్‌పోర్టు చూసి, టిక్కెట్టూ వీసా కాగితమూ వాళ్ళ చేతికే ఇచ్చేవారు. మొత్తం మెయిల్‌లో పంపితే సరిపోయేదానికి ఇంత హడావుడి ఎందుకని నాకు విసుగు. శనివారం మద్రాసు నుంచి విమానం. సోమవారం ఉదయం ఆ కుటుంబం మా చిన్న గది నిండా, మెట్ల మీద కూడా కూర్చుంది. ఆవిడ పిలుస్తున్నారు, వాళ్ళు లేచి వస్తున్నారు, ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టిస్తున్నారు. “మహాలక్ష్మి గారూ” అన్నప్పుడు పెద్దావిడ కొంగు సర్దుకుని వచ్చి కాగితం కళ్ళకు అద్దుకున్నారు. కాగితాలు అయిపోయాయి. స్వీటీ పాస్‌పోర్టు రెండు చేతులా పట్టుకుని ఇంకా టేబుల్ ముందు నిలబడి ఉంది.

“నాది?”

రత్నకుమారి గారు ఆ పాస్‌పోర్టు తెరిచి చూసి నా వైపు తిప్పారు. లంకె మహాలక్ష్మి.

స్వీటీ వాళ్ళమ్మ నెమ్మదిగా చెప్పింది. “అత్తయ్యగారి పేరే పెట్టుకున్నామండీ. ఆ పేరెట్టి నేను పిల్లని పిలవలేను కదా. బళ్ళో, పాస్‌పోర్టులో తప్ప ఇంట్లో ఎవరం అనం.”

“లిస్టులో ఒక లైను డిలీట్ అయిపోయిందండీ” అన్నాను. గదిలో ఒక్కసారిగా గోల లేచింది. రత్నకుమారి గారు లేచి, “ఒక్క నిమిషం” అని నన్ను జిరాక్స్ మిషను పెట్టిన వెనక గదిలోకి తీసుకెళ్ళారు.

“అయిపోయిందా?” అన్నారు. కోపంగా కూడా అనలేదు. “పాతికేళ్ళు పార్సెల్ ఆఫీసులో ఇదే విన్నాను. పడిపోయిందండీ, తడిసిపోయిందండీ, పగిలిపోయిందండీ. ఎవరూ ఏమీ చెయ్యరు. అన్నీ వాటంతటవే అవుతాయి. లైను తీసింది ఎవరు?”

“నేనే మేడమ్.”

“ఆ మాట వెళ్ళి వాళ్ళతో చెప్పు. తరవాత ఏం చెయ్యాలో నేను చూస్తాను.”

పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఎన్ని చూసినా ఆ ఆరడుగుల దూరం అంత కష్టంగా ఎప్పుడూ నడవలేదు. “రెండు పేర్లూ ఒకటేనని చూడకుండా పాప లైను నేను తీసేశానండీ. వీసాకి పంపలేదు. టిక్కెట్టూ తియ్యలేదు. తప్పు నాది.”

“చదివి వినిపించావుగా నాకు!” సుబ్బారావు గారు కుర్చీలోంచి లేచారు. “ఇంజినీరువి, నీకు మనిషికీ మనిషికీ తేడా తెలవదా?”

పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. తన చేతిలోని కాగితాలు టేబుల్ మీద పెట్టి జరిపారు. “దీనికింత రాద్ధాంతమెందుకు? ఇందులో ఉన్న పేరు దానిదే కదా. దాన్ని పంపండి. నేను ఇంటికాడుంటా.”

“పుట్టిన తేదీ మీదమ్మా. కుదరదు” అన్నారు రత్నకుమారి గారు. “కుదిరినా నేను పంపను. మీ ఇద్దర్లో ఎవర్నీ ఆపను, కానీ పాప శనివారమే వెళ్తుందని మాట ఇవ్వలేను. వీసాకి మామూలుగా మూడు పనిదినాలు. శుక్రవారానికి వస్తే సరే.”

ఆ మధ్యాహ్నమే పాపకు తెల్లటి తెర ముందు ఫోటో తీయించాం. మంగళవారం దరఖాస్తు వెళ్ళింది. అదే విమానంలో ఒక సీటు దొరికింది. రత్నకుమారి గారు సింగపూర్‌కు ఫోన్ చేసి, పార్కు రోజును ఆదివారం నుంచి బుధవారానికి మార్పించారు. ఎందుకని అడిగాను. “ఆలస్యమైతే పిల్ల దాన్నైనా అందుకోవాలి కదా” అన్నారు. అప్పటికే ఆవిడ చెడు జరిగే దారిని కూడా లెక్కలో వేసుకున్నారు. నేను మాత్రం గంటకోసారి దరఖాస్తు స్థితి చూస్తూ, దాన్నే పని అనుకుంటున్నాను.

శుక్రవారం ఉదయం మద్రాసు రైలుకు నన్ను కూడా ఎక్కమన్నారు. నేను ఆఫీసులోనే ఉండి తెర చూస్తానన్నాను. “తెర నేను చూస్తాను. నువ్వు వాళ్ళ ఎదురుగా కూర్చో” అన్నారు. ఒంగోలు దాకా నాతో ఎవరూ మాట్లాడలేదు. పులిహోర పొట్లాలు విప్పినప్పుడు పెద్దావిడ నాకూ ఒకటి ఇచ్చారు. గూడూరు దాటాక ఫోన్ వచ్చింది.

“రాలేదు. అక్కడ ఆఫీసులు మూసేశారు. ఇక సోమవారమే.”

“సుబ్బారావు గారికి మీరు చెప్పండి మేడమ్.”

“నీ ఎదురుగా కూర్చున్న మనిషికి విజయవాడ నుంచి నేను చెప్పాలా?” ఫోన్ పెట్టేశారు.

చెప్పాను. స్వీటీ వాళ్ళమ్మ, “నేనుంటానండీ దాని దగ్గర” అంది.

“నీకు చంటోడున్నాడు. నువ్వెల్లు” అన్నారు పెద్దావిడ. “నేనుంటా. ఒకే పేరోళ్ళం, ఒక్కచోటుంటాం.”

“నువ్వు లేకుండా మేమెందుకే అమ్మా?” అన్నారు సుబ్బారావు గారు.

“అన్నీ కుదుర్చుకుని ఇప్పుడు ఎనక్కి తిరుగుతారా? ఎల్లండెల్లండి. మేం ఎనకమాల వత్తాం.” తరవాత నా వైపు చూసి, “ఈ బాబు కూడా మాతోనే ఉంటాడులే” అన్నారు. అది శిక్షో, క్షమో ఇప్పటికీ నాకు తెలియదు.

శనివారం మిగతా అందరూ విమానం ఎక్కారు. మేం ముగ్గురం మద్రాసులో ఒక లాడ్జిలో మిగిలాం. సాయంత్రం సముద్రం దగ్గరికి తీసుకెళ్తే పెద్దావిడ ఒక్క చూపు చూసి, “మనూరిదే కదా ఇది” అని వెనక్కి తిరిగారు. ఆదివారం స్వీటీ పల్లీలు తింటూ నన్ను అడిగింది.

“అన్నయ్యా, ఇంకో మహాలక్ష్మి ఉందని నీకు తెలీదా?”

“తెలీదు.”

“స్వీటీ తెలుసుగా?”

“తెలుసు.”

“మరి?”

ఎత్తుల పట్టికలో తను ఉంది. రెండు జాబితాలూ నావే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. రత్నకుమారి గారు పెట్టమన్న ఆ ఒక్క గడి నింపి ఉంటే అవి రెండూ కలిసేవి.

సోమవారం మధ్యాహ్నం వీసా వచ్చింది. మంగళవారం ఉదయం విమానాశ్రయంలో పెద్దావిడ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి నడిచారు. బయట నిలబడి ఫోన్ చేశాను.

“ఎక్కారా?” అన్నారు రత్నకుమారి గారు.

“లోపలికి వెళ్ళారు మేడమ్.”

“ఎక్కారా అని అడిగాను.”

పెద్దావిడ ఫోన్ చేసి, “కూకున్నాం బాబూ, పిల్లకి కిటికీ దొరికింది” అని చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను. స్వీటీ సింగపూర్‌లో ఉన్నది ఆరు రోజుల్లో మూడు రోజులు. పార్కు రోజు అందింది. మిగతా మూడు రోజులు నేను తీసేసినవే, వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

బుధవారం ఆఫీసుకు వెళ్ళేటప్పుడు రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. నాలుగు కారణాలు, వరస అంకెలు వేసి మరీ రాశాను. రత్నకుమారి గారు తల ఎత్తకుండానే ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నారు. అది అయ్యాక ఒక కొత్త ఫైలు నా ముందుకు జరిపారు. “పెడన నుంచి నేతవాళ్ళు వస్తున్నారు. పదిహేడు మంది, మలేషియా. లిస్టు నువ్వే రాయి.”

“నేనా మేడమ్?”

“వేరే ఎవరున్నారిక్కడ?”

ఆవిడ వచ్చి నా భుజం మీదుగా చూస్తారేమోనని ఆ వారమంతా ఎదురుచూశాను. రాలేదు. చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. పదిహేడు మందికీ ఫోన్ చేసి, ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాను. ఒక ముసలాయన అరగంట నవ్వి, చెప్పి, ఎవరితోనూ అనొద్దన్నాడు.

ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా కింద నలుగురు పని చేస్తున్నారు. పోయిన నెల వారిలో ఒకమ్మాయి పరీక్షించకుండా పంపిన మార్పు వల్ల ఒక ఆసుపత్రి వాళ్ళ అపాయింట్‌మెంట్లు ఒక పూటంతా తారుమారయ్యాయి. సరిచేశాక, తరవాతి మార్పు కూడా ఆ అమ్మాయికే అప్పగించాను. ఆ అమ్మాయి, “నేనేనా సార్?” అంది. అవునని చెప్పి నా సీటుకు వచ్చి కూర్చున్నాను. లేచి వెళ్ళి తన తెర చూడాలని సాయంత్రం దాకా అనిపిస్తూనే ఉంది. రత్నకుమారి గారికి కూడా ఆ వారమంతా ఇలాగే ఉండి ఉంటుందన్న ఆలోచన నాకు అప్పుడే, మొదటిసారి వచ్చింది. కుర్చీని టేబుల్‌కు ఇంకా దగ్గరగా లాక్కుని కదలకుండా కూర్చున్నాను.