మూడు నిమిషాల సాక్ష్యం, ముప్పావు గంట తాళం

దసరా సెలవుల్లో నాకు హైదరాబాద్‌లో ఏం జరిగిందో చెబుతాను వినండి. ఒక్క షరతు. ఇది మన స్టాఫ్‌రూమ్ దాటి పిల్లల దాకా వెళ్ళకూడదు. వెళ్ళిందా, ఇక నేను ఆ క్లాసుల్లో నిలబడి లెక్కలు చెప్పలేను. ఇరవై రెండేళ్ళుగా ఎవడి జామెట్రీ బాక్సు ఎవడు కొట్టేశాడో మొహం చూసి పట్టేస్తున్నానా? అలాంటి నన్ను అశోక్ నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్ వాళ్ళు గేటు లోపల కూర్చోబెట్టి తాళం వేశారు. దొంగనని. అంతకన్నా ఘోరం, వాళ్ళది తప్పని అనడానికి నాకు నోరు లేదు.

మా రాజోలు సంఘం నుంచి ఎనిమిది మందిమి నాలుగు రోజుల సువార్త పని మీద వెళ్ళాం. మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అంటాం, ఆయన భార్య అమ్మగారు, మిగతా ఆరుగురం. నారాయణగూడలో తెలిసిన వాళ్ళ చర్చి హాల్లో మకాం. పొద్దున ప్రార్థన, టిఫిను, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా వీధుల్లోకి. ఎవరైనా వింటామంటే మూడు నిమిషాల్లో సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుణ్ణి తెలుసుకోక ముందు నేనెలా ఉండేవాణ్ణి, ఎలా తెలుసుకున్నాను, తర్వాత ఎలా మారాను, అంతే. సాయంత్రం అందరూ చాపల మీద కూర్చున్నాక ఒక్కొక్కరే లేచి, ఈరోజు ఎవరితో మాట్లాడారో చెప్పాలి.

నా అనుమానం సంగతి మీకు తెలుసుగా. హైదరాబాద్ అంటే నాకు మరీ అనుమానం. పర్సు చొక్కా లోపల జేబులో పెట్టుకుని పైన పిన్నీసు కొట్టుకున్నాను. బ్యాగు వీపుకి కాకుండా పొట్టకి తగిలించుకున్నాను. చిక్కడపల్లి వెళ్ళే ఆటోలో డ్రైవరు ఏ ఊరు సార్ అనడిగితే విజయవాడ అన్నాను. పేరడిగితే రాజు అన్నాను. ఆధార్ కార్డులో సుందరరావునని మీ అందరికీ తెలుసు. నాకు జతగా వేసిన సారమ్మ గారు, రిటైరైన నర్సమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఆటో దిగాక మెల్లగా అంది. ఆటో అతనికి పేరు చెప్పడానికే భయపడేవాళ్ళు వీధిలో దేవుడి పేరేం చెబుతారు మాస్టారూ అని. నేను విననట్టు నడిచాను.

ఇక నా సాక్ష్యం. నిజం చెప్పాలంటే అందులో ఏమీ లేదు. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. నాన్న ముప్పై ఏళ్ళు సైకిల్ మీద లంక గ్రామాలు తిరిగి వాక్యం చెప్పిన మనిషి. పదకొండో ఏట బాప్తిస్మం, తర్వాత బీయస్సీ, బీఈడీ, ఉద్యోగం. ఒక్క సిగరెట్ కూడా తాగింది లేదు. మా టీములో ఒకాయన పూర్వం తాగుబోతు, ఇంకొకాయన రైలు పట్టాల దాకా వెళ్ళి తిరిగొచ్చినవాడు. వాళ్ళు మాట్లాడుతుంటే టీ కొట్టు దగ్గర జనం గ్లాసు చేతిలో మర్చిపోయి వినేవారు. నేను మొదలుపెడితే టీ తాగేసి వెళ్ళిపోయేవారు. చిక్కడపల్లిలో లైబ్రరీ బయట ఒక కుర్రాడు పాపం మర్యాదగా నిలబడ్డాడు. నేను బీఈడీ దాకా వచ్చేసరికి, అన్నా అయిపోయిందా, నాకు క్లాసుంది అన్నాడు.

రెండు సాయంత్రాలు వరసగా లేచి నిలబడి, పూర్తిగా ఎవరూ వినలేదండీ అని చెప్పి కూర్చున్నాను. సారమ్మ గారికి అప్పటికే పదకొండు మంది. అయ్యగారు కోప్పడలేదు. మీ సాక్ష్యం కొంచెం చప్పగా ఉంది మాస్టారూ, మీ మనసులోది చెప్పండి అని మాత్రం అన్నారు. ఆ మాట నన్ను రాత్రంతా పొడిచింది. మా నాన్న ఊళ్ళకి ఊళ్ళే చెప్పిన మాట, నేను ఒక్క మనిషికి మూడు నిమిషాలు చెప్పలేనా? మూడో రోజు ఎలాగైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా వినాలి. అదే పట్టుదల.

పట్టుదల మంచిదే. కానీ మనసులోది చెప్పమంటే నేను ఉప్పూ కారం వెయ్యమన్నారనుకున్నాను. ఏ పాపం వెయ్యాలా అని పళ్ళు తోముకుంటూ ఆలోచించాను. తాగుడు వద్దు. ఏ బ్రాండు అని ఎవడైనా అడిగితే దొరికిపోతాను. పేకాట రాదు. దొంగతనం అయితే బాగా తెలుసు. ఇరవై రెండేళ్ళుగా పట్టుకుంటున్నది అదే కదా, అందులోనూ మూడేళ్ళు గురుకుల హాస్టల్లో డ్యూటీ చేశాను. సబ్జెక్టు మీద పట్టున్నదే చెప్పాలి. కాబట్టి దొంగతనం.

బయల్దేరేటప్పుడు ఇంకో పని చేశాను. హాల్లో ఒకటే స్విచ్ బోర్డు. దానికి అయ్యగారి ఫోను, అమ్మగారి ఫోను, ఆ రైలు పట్టాలాయన ఫోను వేలాడుతున్నాయి. వాళ్ళంతా పెరట్లో టిఫిన్ల దగ్గరున్నారు. తలుపు బార్లా తీసి ఉంది. ఊడ్చే ఆమె వస్తూ పోతూ ఉంది, వాచ్‌మన్ నావైపు ఎందుకో రెండుసార్లు చూశాడు. నాకు అనుమానం కొట్టింది. మూడు ఫోన్లూ తీసి నా బ్యాగులో వేసుకున్నాను. వెళ్తూ వెళ్తూ చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

అశోక్ నగర్ చేరేసరికి పదిన్నర. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ బోర్డులు, పుస్తకాల కొట్లు, హాస్టళ్ళు. ఒక నాలుగంతస్తుల హాస్టల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చుని, వచ్చే పోయే వాళ్ళని తినేసేలా చూస్తున్నాడు. ఓనరు యాదగిరి గారు. పాలమూరు నుంచి మట్టి పనికి వచ్చి, మేస్త్రీ అయి, చివరికి ఆ బిల్డింగు లీజుకి తీసుకున్నాడట, అది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఒక నిమిషం మాట్లాడొచ్చా అంటే ఆయన లోపలికి రమ్మన్నాడని. కూసోండ్రి సార్ అని కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఈ ఊళ్ళో ముక్కూ మొహం తెలియని వాడికి చాయ్ ఎందుకిస్తాడని అనుమానం రాకపోలేదు. కానీ వినే మనిషి దొరికాడన్న సంతోషంలో దాన్ని నొక్కేశాను.

మొదలుపెట్టాను. అయ్యా, ఒకప్పుడు నేను దొంగని.

పక్కన సారమ్మ గారు చాయ్ గ్లాసు కింద పెట్టింది. నా వైపున్న తన చేతి సంచీని తీసి అటువైపు పెట్టుకుంది. నేను పట్టించుకోలేదు. ఎందుకంటే యాదగిరి గారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రెండు రోజుల్లో నా ముందు ఎవరైనా కుర్చీ ముందుకి జరపడం అదే మొదలు.

ఏమేం ఎత్తుకపోయేటోళ్ళు సార్ అని అడిగాడు. చిన్న చిన్నవే అన్నాను. లాప్‌టాప్‌లు గూడనా అన్నాడు. మనిషి ఇంత ఆసక్తిగా అడుగుతుంటే లేదని ఎలా అంటాం? అవి కూడా అన్నాను. ఎట్ల సార్, తాళం ఎట్ల తీస్తరు అన్నాడు. ఇక నా గురుకులం అనుభవమంతా బయటికి తీశాను. తాళం తీయడం దేనికండీ, పొద్దున ఏడు నుంచి ఎనిమిది మధ్య పిల్లలు స్నానాల దగ్గర లైన్లో ఉంటారు, గది తలుపు దగ్గరకి వేసి వెళ్తారు, పై అంతస్తు నుంచి మొదలుపెట్టి మెట్ల మీదుగా దిగుతూ రావాలి, చేతిలో బకెట్ ఉంటే ఎవడూ అడగడు అని చెప్పాను. ఆయన మెట్ల వైపు ఒకసారి చూశాడు.

"సరిగ్గ గట్లనే అయింది సార్" అన్నాడు.

ఏది అలా అయిందో నేను అడగలేదు. దేవుడు ఆయన హృదయంతో మాట్లాడుతున్నాడనుకున్నాను. ఆయన లేచి, మెట్ల వైపు తిరిగి మూడో అంతస్తు పిల్లల్ని పిలిచాడు. పది పన్నెండు మంది దిగొచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ఒకడు వెళ్ళి గ్రిల్ గేటు వేశాడు. రోడ్డు గోల లోపలికి రాకుండా అనుకున్నాను. ఇంకొకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. సాయంత్రం ఈ లెక్క చెబితే అయ్యగారి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ గొంతు పెంచాను. మొత్తం చెప్పాను. దొంగతనాలు, కన్నీళ్ళు, దేవుడు పట్టుకోవడం, అన్నీ.

అంతా విని యాదగిరి గారు ఒక్కటే ప్రశ్న వేశాడు. మానేసి ఎన్ని దినాలైతుంది సార్ అని. మార్పు తాజాగా ఉంటే బాగుంటుందని, ఈమధ్యనేనండీ అన్నాను.

అప్పుడు చెప్పాడు. మొన్న పొద్దున స్నానాల టైములో మూడో అంతస్తులో రెండు లాప్‌టాప్‌లు పోయాయట. బ్యాగు జర తెరువుండ్రి సార్ అన్నాడు. అప్పటికీ సార్ అనడం మానలేదు, పెద్ద మనిషి.

నేను బ్యాగు పొట్టకేసి హత్తుకున్నాను. అది ఇంకా చెడ్డగా కనిపించిందని ఇప్పుడు తెలుస్తోంది. ఇద్దరు కుర్రాళ్ళు తెరిచారు. బైబిలు, కరపత్రాలు, నీళ్ళ సీసా, నా ఫోను. దాని కింద ఇంకో ఫోను. దాని కింద ఇంకోటి. ఇంకోటి.

పేరేమిటని అడిగారు. రాజు అన్నాను, అలవాటైపోయి. సారమ్మ గారు నా మొహంలోకి చూసి, సుందరరావు కదూ అంది. మీకీయన ఎంతకాలంగా తెలుసమ్మా అని అడిగితే, పాపం ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. ఆదివారాలు కనిపిస్తాడు బాబూ, మిగతా ఆరు రోజులు నాకు తెలియదు అంది.

అంతలో ఒక ఫోను మోగింది. అయ్యగారిది. యాదగిరి గారు ఎత్తి స్పీకర్లో పెట్టాడు. అవతల అమ్మగారు, వాచ్‌మన్ ఫోను నుంచి. ఈ పక్క ఉన్నది ఎవరో ఆవిడకి తెలియదు కదా. నాయనా, ఆ ఫోన్లు మావి, పొద్దున పోయాయి అని మొదలుపెట్టింది. దొంగతనం పాపం నాయనా, నువ్వు ఒప్పుకుంటే క్షమాపణ ఉంది, ఎంతటివాణ్ణైనా దేవుడు కాదనడు అంటూ ఫోన్లోనే సువార్త అందుకుంది. గొంతులో నిజమైన ప్రేమ.

"ఒప్పుకున్నడమ్మా" అన్నాడు యాదగిరి గారు. "నేను అడగకముందే ఒప్పుకున్నడు. ఈడనే కూసున్నడు, మీరు రాండ్రి." అడ్రసు చెప్పి, మేము నోరు తెరిచేలోపే పెట్టేశాడు.

అరగంటలో అయ్యగారూ అమ్మగారూ ఆటోలో దిగారు. గ్రిల్ వెనక నన్ను చూసి అమ్మగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు మాత్రం నిబ్బరంగా చెప్పారు. ఈయన మా సంఘ పెద్దగారి కొడుకు, గవర్నమెంటు టీచరు, ఒకరి పెన్ను కూడా ముట్టుకునే మనిషి కాదు, ఫోన్లు భద్రం కోసం తీసి ఉంటాడు అని. నా కోసం ఆయన ప్రమాణం చేసినంత పని చేశారు. యాదగిరి గారు వాదించలేదు. వీడియో తీసిన పిల్లాడి ఫోను తీసుకుని అయ్యగారి చేతిలో పెట్టాడు.

అయ్యగారు నా సాక్ష్యం మొత్తం చూశారు. మూడు నిమిషాలనుకున్నది ఏడు నిమిషాలు వచ్చింది. బకెట్ దగ్గర ఒకసారి కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక ఫోను తిరిగిచ్చి, నావైపు తిరిగి, చెప్పండి మాస్టారూ అన్నారు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

నాకప్పుడు అర్థమైంది. సాక్ష్యం నిజమంటే నేను దొంగని. దొంగని కాదంటే ఆ సాక్ష్యం అబద్ధం. అదీ దేవుడి పేరు మీద, పన్నెండు మంది పిల్లల ముందు, మా నాన్న పేరు మోసే నేను. గేటు తాళం కంటే ఆ సిగ్గు ఎక్కువ బరువుగా ఉంది. చెప్పాను. నేనెప్పుడూ ఏమీ దొంగిలించలేదండీ, వింటారని కల్పించి చెప్పాను అన్నాను.

యాదగిరి గారు వెంటనే తాళం తీయలేదు.

"మరి దేవుడు మార్చిండన్నరు గదా సార్. గది గూడ కల్పించిందేనా?"

అది మాత్రం నిజమేనండీ అన్నాను.

"ఏది నిజమో ఏది కాదో నాకెట్ల తెల్వాలె సార్" అన్నాడాయన. వెక్కిరింపు లేదు, నిజంగానే అడిగాడు.

ఫోన్లు మావేనని అమ్మగారు తన ఫోను తెరిచి మనవళ్ళ ఫోటోలు చూపించింది. లాప్‌టాప్‌లు పోయిన మొన్న పొద్దున మేమింకా రైల్లోనే ఉన్నామని అయ్యగారు టికెట్లు చూపించారు. అప్పుడు తాళం తీశారు. నేను నిలబడి ఆ పిల్లలందరికీ క్షమాపణ చెప్పాను. లైన్లో నిలబెట్టి క్షమాపణలు చెప్పించే అలవాటున్న వాణ్ణి, ఎలా చెప్పాలో తెలియక తడబడ్డాను. యాదగిరి గారు గేటు దాకా వచ్చి సాగనంపాడు. ఆ బకెట్ ముచ్చట ఇంకెక్కడా చెప్పకుండ్రి సార్, మాకు పరేషాన్ అయితది అన్నాడు.

సాయంత్రం చాపల మీద నా వంతు వచ్చింది. సారమ్మ గారు పక్కనే ఉంది, సంచీ మళ్ళీ ఇటువైపుకి వచ్చింది, దానికి దేవునికి స్తోత్రం. ఎవరితోనైనా మాట్లాడారా మాస్టారూ అని అయ్యగారు మామూలుగానే అడిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈరోజు ఒకాయన నా సాక్ష్యం మొదటి నుంచి చివరిదాకా విన్నాడండీ, ప్రతి మాటా నమ్మాడు, నమ్మొద్దని ఆయన కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని బయటపడ్డాను అన్నాను.