గొలుసు దాకానే నా దారి

ఆ రోజు రెండో శనివారం. ఆళ్లగడ్డ దాటాక నల్లమల అంచున ఉండే అడవి బాటలో, మా బడి డ్రిల్లు మాస్టరు ఓబులేసన్నా నేనూ గేర్ల సైకిళ్ళు తొక్కుతున్నాం. ఎత్తు మొదలవగానే నా ఎడమ దవడ లాగింది. దిగి నిలబడితే తగ్గింది. ఎక్కితే మళ్ళీ లాగింది.

“ఏందప్పా సామేలూ, దిగేసినావ్?”

“పన్ను నొస్తాండాదన్నా.”

“పిల్లోళ్ళ చాక్లెట్లన్నీ నువ్వే తింటాంటే పుచ్చదా?”

నేనూ పన్నే అనుకున్నాను. నంద్యాలలో పళ్ళ డాక్టరు ఎక్స్‌రే చూసి, “పన్ను బాగుంది. ఎక్కేటప్పుడే నొస్తోందంటున్నారు, ఒక ఈసీజీ తీయించుకోండి” అన్నాడు. పంటికీ ఛాతీకీ ఏం సంబంధమని ఇంటికొచ్చి లవంగం పెట్టుకున్నాను. ‘ప్రశ్న సరిగ్గా చదవండ్రా’ అని పిల్లలకు రోజూ చెప్పే తెలుగు పంతుల్ని నేను.

తర్వాతి సెలవు రోజున, వాగు దాటాక వచ్చే మలుపులో గుండె మీద రోలు పెట్టినట్లయింది. రాళ్ళ మీదే పడుకున్నాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. “కదలాకు, జీపు తీసుకోని బేగా వస్తా” అని ఓబులేసన్న కిందికి ఉరికాడు. అతను పోయాక నా కుడిచెవి పక్కన ఎవరో రొప్పుతున్నారు. తడి తడిగా, తొందర తొందరగా. అన్నే తిరిగొచ్చాడేమోనని తల తిప్పాను. ఎవరూ లేరు. రొప్పు మాత్రం ఆగలేదు.

దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. నేను కొండెక్కి మరీ కొండెక్కబోయాను.

నంద్యాల ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేసి, ‘ఎల్ఏడీ బ్లాక్’ అన్నారు, గుండెకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం మూసుకుపోయిందట. “స్టెంట్ వేశాం సార్, ఇక స్టంట్లు వద్దు” అంది డాక్టరమ్మ. నవ్వాను. ఎకో తీసి, “ఈఎఫ్ ముప్పై అయిదే ఉంది. గుండె పంపింగ్ తగ్గింది. చదును మీద నడవండి, ఎత్తు ఎక్కొద్దు” అన్నప్పుడు నవ్వు రాలేదు.

ఆ రొప్పు నాతో ఇంటికొచ్చింది. నల్లబల్ల మీద రాస్తుంటే వెనక వినిపించేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే నేనొక్కణ్ణే కళ్ళు తెరిచి పక్కకు చూసేవాణ్ణి. మా ఆవిడ సువార్త ఏమైందని అడిగితే ఫ్యాను చప్పుడన్నాను. ఒక్కసారి ఆ మలుపు దాకా పోయి ప్రాణాలతో తిరిగొస్తే, అది అక్కడే ఉండిపోతుందని నాకో పిచ్చి నమ్మకం.

కొన్నాళ్ళకు ఈఎఫ్ కొంత పెరిగింది. బ్యాటరీ సైకిల్ సంగతి అడిగాను. “పెడల్ అసిస్ట్, అంటే తొక్కితేనే మోటారు సాయం చేసేదైతే ఓకే. లోడ్ మోటారు మీద పడాలి, మీ మీద కాదు” అంది డాక్టరమ్మ. కొన్నాను. అడవి గేటు దగ్గర ఆపేశారు. మోటారు బండ్లకు ప్రవేశం లేదట.

అటవీ శాఖ రేంజి ఆఫీసరమ్మ గది మేడ మీద. ఎత్తు ఎక్కలేనని మొర పెట్టుకోడానికి మెట్లెక్కాను.

“తొక్కకపోతే కదల్దు మేడమ్. చప్పుడుండదు. మోకాళ్ళు అరిగినోళ్ళు, నాలాంటోళ్ళు గూడా అడివి చూడాల గదా?”

“మీరు మెల్లగా పోతారు సార్. మీ ఎనక యాక్సిలరేటర్ తిప్పుకుంటా వచ్చేటోళ్ళను ఎవురాపాల? ఆడ జంతువులుండాయి.”

అయినా మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఒకరోజు ఆ మెట్ల మీదే దవడ లాగింది. ఈసారి లవంగం జోలికి పోలేదు. ఇంకో నాళంలో ఇంకో స్టెంట్ పడింది.

“దారి అడగను పోయి దారిలోనే పడితివి. ఇంగ ఇడ్సిపెట్టప్పా” అన్నాడు ఓబులేసన్న, మంచం పక్కన కూర్చుని.

“ఇడ్సలేనన్నా.”

“ఆడ ఏం పెట్టినావని?”

కుడిచెవి మీదికి దుప్పటి లాక్కున్నాను.

కోలుకున్నాక సైకిల్‌ని ఆటోలో వేసుకుని ఆ ఆఫీసు ఆవరణకే తీసుకుపోయాం. ఆఫీసరమ్మ తొక్కి చూసింది, తొక్కడం ఆపి చూసింది. యాక్సిలరేటర్ ఉన్నవాటిని రానివ్వొద్దనీ, పగలే తిరుగుతామనీ మేమే అన్నాం. చివరికి, తొక్కితేనే నడిచే బ్యాటరీ సైకిళ్ళను వాగు దాకా వదిలారు. వాగు దగ్గర గొలుసు కట్టారు. నా మలుపు దానికి అవతల, కనిపించేంత దూరంలో ఉంది.

మొదటిరోజు గొలుసు దగ్గర కాలు కింద పెట్టాను. “మేడమ్ మెత్తబడింది. ఆ మలుపు గూడా అడుగుదామా?” అన్నాడు ఓబులేసన్న. ఆ రాళ్ళ మీద ఎవరో రొప్పుతున్నారు. గొలుసు ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ వారం రివ్యూలో డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. “అది మీ ఊపిరే సార్. గుండెపోటు తర్వాత ఇలాంటి భయం చాలామందికి ఉంటుంది. మందూ ఉంది, కౌన్సెలింగూ ఉంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అంది.

ఇప్పుడు కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. రొప్పు తగ్గింది, పోలేదు. సెలవు రోజుల్లో గొలుసు దాకా తొక్కి తిరిగొస్తాను. మలుపు కోసం ఇంకా అడగలేదు.

నాలాంటివాళ్ళకు ఒక్కమాట. రివ్యూలో డాక్టరు “ఇంకేమైనా ఉందా?” అంటే, చెప్పడానికి సిగ్గుపడేదే ముందు చెప్పండి. నేను ప్రతిసారీ “ఏం లేదు మేడమ్” అనేవాణ్ణి. ఆ ఏం లేనిదే నా పక్కన కూర్చుని రొప్పేది.