కుట్టుమిషను ఆపి విన్న కూతలు

ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవి మాస్టారు అంటారు. పాఠాలు చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. చెడిపోయిన కంప్యూటరును బల్ల మీద పెట్టి, స్విచ్చి నొక్కి, పెట్టెకు చెవి ఆనించి వింటాడు, అంతే. తెర వెలగకపోయినా లోపలున్న బుల్లి స్పీకరు కూత పెడుతుంది. పొట్టి కూత ఒక్కటైతే అంతా సవ్యం. పొడుగు కూతలు ఆగకుండా వస్తుంటే ర్యామ్ అనే మెమరీ ముక్క గాడిలో సరిగ్గా కూర్చోలేదన్నమాట. ఫ్యాను తిరుగుతూ కూతే లేకపోతే మదర్‌బోర్డుకు నూకలు చెల్లినట్టే. మిగతావాళ్లు స్క్రూడ్రైవరు వెతుక్కునేలోపే ఆయన రోగం పేరు చెప్పేసేవాడు.

కొట్టు ఒకటే గది. సగం ఆయనది, సగం ఆయన భార్యది. ఆమె బట్టలు కుడుతుంది. స్విచ్చి నొక్కే ముందు ఆయన "ఏయ్, ఆపు" అనేవాడు. ఆమె మిషను ఆపి, సగం కుట్టిన చొక్కా ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. పద్దెనిమిదేళ్లు ఇదే తంతు. అలా కూర్చున్న మనిషి ఏం చేస్తుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. మొగుళ్లకు అంత తీరిక ఎక్కడిది లెండి!

ఒకరోజు టైపు పనులు చేసే ఆవిడ తన పెట్టె మోసుకొచ్చింది. అర్జీలు, రిపోర్టులు టైపు చేసుకుని బతికే మనిషి. ఆ పెట్టె పలక్కపోతే ఆవిడకు ఆ పూట పని లేనట్టే. ఆయన నొక్కాడు, విన్నాడు. ఫ్యాను తిరుగుతోంది, కూత లేదు.

"మదర్‌బోర్డు పోయిందమ్మా. ఈ మోడల్‌ది ఇప్పుడు దొరకదు. కొత్త కంప్యూటర్ చూసుకోవడమే" అన్నాడు.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఇంట్లో మాట్లాడి రేపు వస్తానని పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఆ మాట అన్నాడేగాని ఆయనకు మనసు మనసులో లేదు. నాలుగు నెలల కిందట టిక్కుటిక్కు వినబడక, గోడగడియారం ఆగిపోయిందని బ్యాటరీ మార్చబోయాడు. తీరా చూస్తే ముల్లు చక్కగా తిరుగుతోంది. చెవి మొద్దుబారుతోందని అప్పుడే తెలిసింది. కానీ ఎవరితోనూ అనలేదు. చెవి పోయిన చెవి మాస్టారి గడప ఎవరు తొక్కుతారు? కొట్టు మూసుకుంటే ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? ఇదే ఆయన దిగులు.

మర్నాడు పొద్దున్నే ఉండబట్టలేక ఆ పెట్టెను మళ్లీ బల్ల మీదికి ఎత్తి నొక్కాడు. సరిగ్గా అప్పుడే భార్య మిషను ఆపి సూదిలో దారం ఎక్కిస్తోంది.

"ర్యామ్ చూడండి" అంది.

"ఏమన్నావ్?"

"ర్యామ్ అంటున్నా! పొడుగు కూతలు పెట్టి చస్తోందిగా!"

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?" అన్నాడు.

"పద్దెనిమిదేళ్లు మిషను ఆపించి మరీ వినిపించారు. నేనేం చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నానా? నాలుగు నెలలుగా ఆపమనడం మానేశారు మీరు. నా మిషను చప్పుడు మీకు అడ్డు రావట్లేదంటే ఏంటో నాకు తెలీదా? మీరే చెప్తారని చూస్తున్నా. నిన్న మాత్రం నేను మిషను తొక్కుతున్నాను, అందుకే నాకూ వినపడలేదు."

ఆయన తల దించుకుని ప్లగ్గు పీకాడు. ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాడు. మళ్లీ గాడిలో పెట్టి, రెండు పక్కల క్లిప్పులూ పట్టుకున్నాయని బొటనవేళ్లతో తడిమి చూసుకున్నాడు. స్విచ్చి నొక్కి భార్య వైపు చూశాడు. ఆమె ఒక్క వేలు ఎత్తింది. ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

నానా తంటాలు పడి బాగుచేశానని చెప్పుకుంటే టైపు ఆవిడ నెత్తిన పెట్టుకునేది. ఆ బుద్ధి పుట్టలేదంటే అబద్ధం. కానీ ఇద్దరూ కలిసి పెట్టె మోసుకెళ్లి ఆవిడ ఇంట్లో దించాక, ఆయన నీళ్లు నమలకుండా చెప్పేశాడు.

"దోషం నీ పెట్టెది కాదమ్మా, నా చెవిది. నాకు కూత వినబడక, బోర్డు పోయిందనేశా. కనిపెట్టింది మా ఆవిడ."

"రాత్రంతా నిద్ర లేదండీ నాకు! ముందే చూసుకుని చెప్పొద్దా?" అని ఆవిడ కస్సుమంది. ఆయన ఆ మాట పడుతూనే పెట్టెకు తీగలు తగిలించి స్విచ్చి నొక్కాడు. పడాల్సిన మాటేగా. ఈలోపు తెర మీద తన అర్జీలన్నీ చెక్కుచెదరకుండా కనబడేసరికి ఆవిడ మెత్తబడింది.

"ఇక మీదట విప్పడం నా వంతు, వినడం మా ఆవిడ వంతు. వచ్చినవాళ్లందరికీ ముందే చెప్తా" అన్నాడాయన.

"అయితే వదినగారూ, ఈసారి మీరుంటేనే తెస్తాను" అంది టైపు ఆవిడ. భార్య సిగ్గుపడి చీర కొంగు సర్దుకుంది.

తిరిగొచ్చేటప్పుడు వీధి మలుపులో ఆయన ఆగిపోయాడు. పెళ్లాంతో మంచి మాట అనడం ఆయనకు అలవాటు లేని విద్య. అయినా గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు లేకపోతే ఇవాళ్టితో నా పని అయిపోయేదే. నీ రుణం తీర్చుకోలేను. నాలుగు నెలలు ఒక్కణ్నే భయపడి చచ్చాను."

"ఇద్దరం ఉండగా ఒక్కరే భయపడటం ఎందుకండీ?" అంది ఆమె.

ఆ మాట ఆయనకు స్పష్టంగా వినబడింది. అయినా "ఏంటీ?" అన్నాడు. ఆమె దగ్గరగా వచ్చి మళ్లీ చెప్పింది.